ఎర్రనీరు రాకముందే పాపికొండలు

మే నెల ఆఖరు వారం వచ్చిందంటే గోదావరి జిల్లాల్లో ఎండ నిప్పులు చెరుగుతుంది. రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగులుతాయంటారు. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజమహేంద్రవరంలో, కాకినాడలో, ఏలూరులో, అటు ఖమ్మంలో, హైదరాబాదులో స్నేహితుల ఫోన్లలో ఒక మాట తిరుగుతూ ఉంటుంది. "వానలు మొదలైతే పాపికొండల బోట్లు ఆపేస్తారు. ఈ ఆదివారం వెళ్లొద్దాం. అందరూ వస్తున్నారు, నువ్వూ వచ్చెయ్."

ఈ పూట మాట్లాడుకునేది ఆ ఒక్కరోజు ప్రయాణం గురించే. ఆంక్షలు మొదలయ్యేలోపు స్నేహితులు కలిసి గోదావరి మీదికి వెళ్లడం, ఆ నదిని దగ్గరగా చూడడం, నది వద్దన్నప్పుడు ఆగిపోవడం. ఈ మూడూ కలిస్తేనే అది మంచి విహారం.

ముందుగా ఒక మాట. పాపికొండల విహారం ఫలానా తేదీన ఆగిపోతుందని క్యాలెండరులో ఎక్కడా ఉండదు. ఒక ఏడాది జూన్‌లో ఆపేస్తారు. ఇంకో ఏడాది జులై దాకా నడుస్తాయి. ఆ రోజును నిర్ణయించేది ఎగువన కురిసే వాన. అందుకే గోదావరి ఒడ్డున పుట్టిపెరిగినవాళ్లు ఈ రోజుల్లో ఆకాశాన్ని కాదు, ఎగువను చూస్తారు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఎగువ అంటే ఎంత ఎగువ? చాలా దూరం. గోదావరి పుట్టేది మహారాష్ట్రలో, నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో. అక్కడి నుంచి సముద్రం దాకా 1,465 కిలోమీటర్లు. కందకుర్తి దగ్గర తెలంగాణలో అడుగుపెడుతుంది. కాళేశ్వరం దగ్గర ప్రాణహిత కలుస్తుంది. విదర్భలో పడిన వాన నీళ్లు చాలావరకు ఆ ప్రాణహితలోనే వస్తాయి. ఇంకాస్త దిగువన ఇంద్రావతి. అది ఒడిశా కొండల్లో పుట్టి, బస్తర్ అడవుల నీళ్లు మోసుకొస్తుంది. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి. ఇన్ని నదులూ కలిసిన తర్వాత వచ్చేవి పాపికొండలు.

ఇప్పుడు ఊహించండి. రాజమహేంద్రవరంలో నీలాకాశం. చినుకు లేదు. కోటిలింగాల రేవులో పిల్లలు స్నానాలు చేస్తున్నారు. స్నేహితులంతా సంచులు సర్దుకుని కూర్చున్నారు. అప్పుడు రేవు నుంచి కబురు వస్తుంది. బోట్లు ఆపేశారని. "ఇంత ఎండ కాస్తుంటే ఆపడమేమిటి?" అని ఎవరో ఒకరు విసుక్కుంటారు. ఆ విసుగులో తప్పులేదు. కానీ రెండు రోజుల కిందట నాగపూర్ వైపో, బస్తర్‌లోనో పడిన వాన ఆ గంటకు దారిలో ఉంది. అది కొండల మధ్యకు చేరేసరికి ఇక్కడ ఇంకా ఎండే కాస్తూ ఉండొచ్చు. అందుకే ఆకాశాన్ని కాదు, ఎగువను చూడాలి.

ఇక ప్రయాణం సంగతి. అంతా సవ్యంగా ఉన్న ఒక రోజు, వరద ఇంకా రాని ఒక రోజు, ఎలా గడుస్తుందో చూద్దాం.

ఒకప్పుడు కలిసి చదువుకున్న ఓ అరడజను మంది అనుకుందాం. ఒకరు బ్యాంకులో, ఒకరు బడిలో, ఒకరు సొంత కొట్టులో. ఏడాది పొడవునా కలుద్దాం, కలుద్దాం అనుకుంటూనే గడిచిపోయింది. ఇప్పుడు వానాకాలం తరుముకొస్తోంది కాబట్టి కుదిరింది. గడువు ఉంటే తప్ప మనకు చాలా పనులు కావు. స్నేహితులు కలవడమూ అంతే.

తెల్లవారుజామునే రాజమహేంద్రవరంలో బయలుదేరతారు. గోదావరి గట్టు పక్కనే రోడ్డు. ఎండ ముదిరేలోపు గండి పోచమ్మ గుడి దగ్గరున్న రేవుకు చేరతారు. అటు భద్రాచలం వైపు నుంచి వచ్చేవాళ్లకు పోచవరం రేవు ఉంది. ఎటు నుంచి ఎక్కినా చూసేది ఆ కొండలనే, ఆ నదినే.

గండి పోచమ్మ గుడి గురించి ఒక్క మాట చెప్పాలి. లాంచీ ఎక్కేముందు చాలామంది అమ్మవారికి కొబ్బరికాయ కొట్టి వెళ్తారు. పోలవరం ప్రాజెక్టు కోసం నదికి అడ్డంగా కాఫర్ డ్యాం కట్టిన తర్వాత వరద రోజుల్లో నీళ్లు వెనక్కి తన్ని ఈ గుడిని ముంచెత్తుతున్నాయి. దర్శనాలు ఆపేస్తున్నారు. నీళ్లు తీశాక గుడి కడిగి మళ్లీ తెరుస్తారు. మే నెలలో స్నేహితులు నిలబడి దండం పెట్టుకున్న చోటే, జులైలో నీళ్లు ఉంటాయి. నది ఎంత పెరుగుతుందో తెలుసుకోవడానికి వేరే లెక్కలు అక్కర్లేదు. ఆ గుడి మెట్ల మీద నిలబడి ఒకసారి చుట్టూ చూస్తే చాలు.

రేవులో మొదట జరిగేది లెక్క. ఎంతమంది, ఎవరెవరు, ఏ ఊరు, ఫోను నంబరు ఏమిటి. గుర్తింపు కార్డులు చూస్తారు. కంట్రోల్ రూములో పేర్లు రాసుకుంటారు. క్యూలో నిలబడ్డవాళ్లకు ఇది కాస్త ఆలస్యం అనిపించవచ్చు. ఆ పేర్ల జాబితా ఎందుకు పుట్టిందో కాసేపట్లో చెప్పుకుందాం.

తర్వాత లైఫ్ జాకెట్. నారింజరంగు జాకెట్, ముందువైపు పట్టీలు, ప్లాస్టిక్ బిగింపులు. ఎండాకాలంలో దాన్ని తొడుక్కుంటే చెమట పడుతుంది. మెడ దగ్గర గీసుకుంటుంది. ఫొటోలో చొక్కా కనపడదు. అందుకే చాలామంది భుజాన వేసుకుని, పట్టీలు వదిలేస్తారు. పట్టీ పెట్టని జాకెట్ నీళ్లలో పడగానే ఒంటిమీది నుంచి పైకి లేచిపోతుంది. అది ఉన్నా లేనట్టే. కింది పట్టీ కూడా చప్పుడు వచ్చేదాకా నొక్కాలి. పక్కవాడి పట్టీ లాగి చూడాలి. స్నేహితులు కలిసి వెళ్లడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. ఒకరి జాకెట్ ఒకరు చూసుకోవచ్చు.

లాంచీ కదులుతుంది. ఎక్కిన కాసేపటికి టిఫిన్లు పెడతారు. మైకులో పాటలు మొదలవుతాయి. ఎవరో ఒకరు డాన్సు మొదలుపెడతారు. కొంతమంది మాత్రం పైడెక్కు మీద కమ్మీ పట్టుకుని ఒడ్డునే చూస్తూ ఉంటారు.

చూడవలసింది అక్కడ చాలా ఉంది. దేవీపట్నం, దాని చుట్టుపక్కల పల్లెలు. ఒకప్పుడు నిండుగా మనుషులున్న ఊళ్లు. పోలవరం ముంపు కింద అక్కడివాళ్లు ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లారు. 2021లో గోదావరిని 48 గేట్ల స్పిల్‌వే వైపు మళ్లించాక, వరద వస్తే చాలు, ఆ ఊళ్ల వీధుల్లోకి నీళ్లు వస్తున్నాయి. లాంచీ పక్కనుంచి వెళ్తుంటే ఖాళీ ఇళ్లు కనిపిస్తాయి. విహారానికి వెళ్లినవాళ్లు ఆ కాసేపు పాటల సౌండు తగ్గించమని అడిగితే బాగుంటుంది. అవి ఎవరివో పెరట్లు, ఎవరివో అరుగులు.

ఆ తర్వాత కొండలు దగ్గరికి వస్తాయి. రాజమహేంద్రవరం దగ్గర రెండు కిలోమీటర్లకు పైగా పరుచుకుని కనిపించే గోదావరి, ఇక్కడ రెండు కొండల మధ్య ఇరుకు దారిలో పడుతుంది. వెడల్పు తగ్గినంత మాత్రాన నీళ్లు తగ్గవు కదా. ఆ నీళ్లన్నీ లోతులోకి దిగుతాయి, వేగం పెంచుకుంటాయి. వేసవిలో పైకి చూస్తే అద్దంలా ఉంటుంది. లోపల మాత్రం చాలా లోతు.

రెండు వైపులా అడవి. 2008 నుంచి ఇది పాపికొండ జాతీయ వనం. వేసవి చివర వెదురు ఎండి పసుపు తిరిగి ఉంటుంది. తక్కిన చెట్లు కొన్ని ఆకురాల్చి, కొన్ని చిగురు తొడిగి ఉంటాయి. శీతాకాలంలో చూసే మంచు తెరలు ఈ నెలలో ఉండవు. అయితే మలుపు తిరగగానే ఎదురుగా మరో కొండ అడ్డొచ్చి, ఇక దారి లేదనిపించి, లాంచీ ఇంకాస్త ముందుకు పోగానే నది పక్కకు తిరిగి దారి ఇవ్వడం, అది ఏ నెలలోనైనా ఒకటే. అక్కడికి వచ్చేసరికి డాన్సులు ఆపి అందరూ కమ్మీ దగ్గరికి వస్తారు.

పేరంటపల్లిలో లాంచీ ఆగుతుంది. ఒడ్డు నుంచి మెట్లెక్కి, చెట్ల నీడన కాస్త నడిస్తే శివాలయం, పక్కనే బాలానంద స్వామి పేరుతో ముడిపడిన ఆశ్రమం. పక్కన చిన్న ఏరు పారుతూ ఉంటుంది. కొండరెడ్లు వెదురుతో చేసిన పూలు, బుట్టలు, ఆట వస్తువులు పరిచి అమ్ముతుంటారు. వెదురు పువ్వు దగ్గరగా చూస్తే తెలుస్తుంది ఆ చేతి పనితనం. పుల్లను కత్తితో సన్నగా చెక్కుతారు. ఆ పెచ్చు ఊడిపోకుండా అలాగే చుట్టుకుంటుంది. అలా ఒకదాని మీద ఒకటి చెక్కుకుంటూ పోతే అదే రేకలుగా విచ్చుకుంటుంది. దాన్ని బేరమాడకుండా కొనండి. బోట్లు ఆగిపోతే ఆ అంగడీ ఆగిపోతుంది.

మధ్యాహ్నం అన్నం లాంచీలోనే. వేడి అన్నం, పప్పు, కూర, సాంబారు, పెరుగు. ఎండన పడి తిరిగొచ్చి, నది గాలికి కూర్చుని, పాత స్నేహితుల పక్కన తినే అన్నం. కాలేజీ హాస్టలు కబుర్లన్నీ అప్పుడే బయటికి వస్తాయి. సాయంత్రానికి మళ్లీ ఎక్కిన రేవులోనే దిగుతారు.

ఇదీ ఆ ఒక్కరోజు. తెలుగువాళ్లకు ఈ నది మీద ప్రయాణం కొత్త కాదు. రాజమహేంద్రవరంలో లాంచీ ఎక్కి, పాపికొండలు దాటి భద్రాచలం రాముణ్ణి చూడబోవడం ఒక ముచ్చట. 1973లో బాపు తీసిన అందాల రాముడు కథంతా ఆ పడవ ప్రయాణమే. 2006లో శేఖర్ కమ్ముల గోదావరి సినిమా కూడా లాంచీ మీదే నడుస్తుంది. సినిమాల సంగతి అలా ఉంచితే, ఒడ్డున ఉన్న గిరిజన గూడేలకు ఈ నదే రోడ్డు. సంతకు వెళ్లాలన్నా, ఆసుపత్రికి వెళ్లాలన్నా పడవే దిక్కైన ఊళ్లు ఉన్నాయి. మనకు విహారమైనది వాళ్లకు రాకపోకల దారి.

ఇప్పుడు చెప్పక తప్పని ఒక రోజు గురించి చెప్పాలి. 2019 సెప్టెంబరు 15. ఆదివారం.

ఆ రోజు గోదావరి వరదలో ఉంది. నదిలో 5 లక్షల క్యూసెక్కుల దాకా నీరు పారుతోంది. క్యూసెక్కు అనే మాట వార్తల్లో రోజూ వింటాం. ఒక చోట నిలబడితే, సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు మన ముందు నుంచి వెళ్లడం. అంటే 28 లీటర్లు, సుమారు రెండు బిందెలు. ఒక్క సెకనులో రెండు బిందెలు అయితే ఒక క్యూసెక్కు. ఇప్పుడు దాన్ని 5 లక్షలతో హెచ్చవేయండి. ఒక్క సెకనులో 10 లక్షల బిందెల నీళ్లు. అవి రెండు కొండల మధ్య ఇరుకు దారిలో.

ఆ నీళ్ల మీదికి రాయల్ వశిష్ఠ అనే లాంచీ వెళ్లింది. అందులో 77 మంది ఉన్నారు. కచ్చులూరు దగ్గర నది మలుపు తిరిగే చోట సుడులు ఉంటాయి. అక్కడ లాంచీ తిరగబడింది. ఒడ్డున ఉన్న గూడెంవాళ్లు తమ చిన్న పడవల్లో వెళ్లి, చేతికి అందినవాళ్లను అందినట్టు పైకి లాగారు. ప్రాణాలతో బయటపడింది 26 మంది. ఆ కాస్తమందైనా దక్కారంటే ఆ గిరిజనుల పుణ్యమే.

ఆ లాంచీలో ఉన్నవాళ్లు ఎవరు? మనలాంటివాళ్లే. సెలవురోజు సరదాగా గడుపుదామని వచ్చినవాళ్లే. వరంగల్ దగ్గరి కడిపికొండ నుంచి అయినవాళ్లంతా కలిసి బయలుదేరిన ఒక బృందం ఉంది. కలిసి రైలెక్కిన ఆ బృందంలో చాలామంది తిరిగి ఇంటికి చేరలేదు.

మునిగిన లాంచీ రెండు వందల అడుగులకు పైగా లోతులో ఉందని అప్పట్లో లెక్కగట్టారు. వరద ఉద్ధృతికి ఎవరూ దగ్గరికి పోలేకపోయారు. చివరికి కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో రోజుల తరబడి శ్రమించి అక్టోబరు 22న దాన్ని పైకి తెచ్చింది. అంటే అయిదు వారాలకు పైగా ఆ కుటుంబాలు గోదావరి ఒడ్డున ఎదురుచూశాయి.

దానికి రెండేళ్ల ముందు, 2017 నవంబరు 12న, విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం వద్ద కృష్ణా నదిలో ఇంకో పడవ తిరగబడింది. అదీ ఆదివారమే, కార్తిక మాసం. ఒంగోలు నుంచి రోజూ కలిసి నడిచే మిత్రులు కుటుంబాలతో వచ్చారు. 20 మందికి పైగా చనిపోయారు. ఆ పడవకు అనుమతి లేదు. వరద లేని రోజు కూడా అనుమతి లేని పడవ ఎక్కకూడదని ఆ సంఘటన చెబుతోంది.

ఇవి భయపెట్టడానికి చెబుతున్నవి కావు. రేవులో పేర్లు ఎందుకు రాసుకుంటారో, జాకెట్ ఎందుకు ఇస్తారో, ఎండ కాస్తున్న రోజు కూడా బోట్లు ఎందుకు ఆపుతారో తెలియడానికి. కచ్చులూరు తర్వాత పాపికొండల విహారం పూర్తిగా ఆగిపోయింది. 2020లో రేవుల దగ్గర కంట్రోల్ రూములు వచ్చాయి. పర్యాటక శాఖ, జలవనరుల శాఖ, రెవెన్యూ, పోలీసు, అందరూ కలిసి చూసుకునే ఏర్పాటు. పడవ ఫిట్‌నెస్, సరంగు లైసెన్సు, ఎక్కినవాళ్ల లెక్క, నీటిమట్టం, ఇవన్నీ సరిచూశాకే లాంచీ వదలాలి. 2021లో గానీ విహార పడవలు మళ్లీ కదలలేదు.

మరి ఆంక్షలు రాబోతున్నాయని మనకెలా తెలుస్తుంది? దీనికి పెద్ద చదువు అక్కర్లేదు. రెండు ఊళ్ల పేర్లు గుర్తుంటే చాలు. ఒకటి భద్రాచలం. రెండు ధవళేశ్వరం.

భద్రాచలంలో గోదావరి నీటిమట్టాన్ని అడుగుల్లో చెబుతారు. 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక. 48 అయితే రెండోది. 53 అయితే మూడోది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర క్యూసెక్కుల్లో చెబుతారు. 10 లక్షలు దాటితే అక్కడ మొదటి హెచ్చరిక. భద్రాచలం దాటిన వరద ధవళేశ్వరం చేరడానికి దాదాపు ఒక రోజు పడుతుంది. పాపికొండలు ఈ రెంటికీ నడుమ ఉన్నాయి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త. 43 అడుగులు వచ్చేదాకా బోట్లు తిరుగుతాయని కాదు. ఆ హెచ్చరికలు ఒడ్డున ఉన్న ఊళ్ల కోసం. కచ్చులూరులో లాంచీ మునిగిన రోజు నదిలో ఉన్నది, ధవళేశ్వరం మొదటి హెచ్చరికకు కావలసినదానిలో సగమే. విహార లాంచీలకు నది అంతకు చాలా ముందే పనికిరాకుండా పోతుంది. కాబట్టి వార్తల్లో హెచ్చరిక లేదు కదా అని రేవులో వాదించకూడదు. రేవులో ఆపారంటే ఆపినట్టే.

2022 జులై గుర్తుందా? అప్పటికి వానాకాలం మొదలై నెల రోజులే. జులై 16న భద్రాచలంలో నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు వచ్చాక మళ్లీ అంత వరద చూసింది అప్పుడే. పడవలు సరే, భద్రాచలం వంతెన మీద రాకపోకలే ఆపేశారు. బస్సులు ఆగాయి, లారీలు ఆగాయి. ఊళ్లకు ఊళ్లు కొండలెక్కాయి. జూన్ మొదట్లో స్నేహితులు ఫొటోలు దిగిన రేవులు నెల తిరిగేసరికి ఆనవాలు లేకుండా మునిగిపోయాయి. అందుకే మళ్లీ అంటున్నాం. ఆకాశాన్ని కాదు, ఎగువను చూడండి.

గోదావరివాళ్లకు ఇంకో గుర్తు కూడా ఉంది. ఎర్రనీరు. వేసవి అంతా తేటగా ఉన్న నది, తొలకరి వానలకు ఎగువ నేలల మట్టి కలిసి ఎర్రబడుతుంది. ఎర్రనీరు వచ్చిందంటే వరద కాలం మొదలైనట్టే. సముద్రం నుంచి పులస చేప ఎదురీదుకుంటూ నదిలోకి వచ్చేదీ అప్పుడే. జాలరి పులస కోసం వల సర్దుకుంటాడు. విహార లాంచీ సరంగు లంగరు వేసి, పడవను ఒడ్డుకు కట్టేస్తాడు. ఎర్రనీరు వచ్చాక విహారం ఆలోచన మానుకోవాలి.

ఆంక్షలు వచ్చాక నష్టపోయేది ఎవరు? స్నేహితులకు పోయేది ఒక ఆదివారం. సరంగుకు, లాంచీలో వంట చేసేవాళ్లకు, రేవులో టీ అమ్మేవాళ్లకు, పేరంటపల్లిలో వెదురు పూలు అమ్మే ఆడవాళ్లకు పోయేది నెలల తరబడి ఆదాయం. వరద తీసి, నీళ్లు మళ్లీ తేటబడి, అనుమతులు వచ్చేసరికి చాలా ఏళ్లలో కార్తికం వచ్చేస్తుంది. మూతపడే ముందు ఎక్కే ప్రతి ప్రయాణికుడూ వాళ్ల వానాకాలం ఖర్చుకు కొంత కూడబెట్టినట్టే. అందుకే వెళ్లేవాళ్లు వేళకు వెళ్లాలి. ఇవ్వవలసిన డబ్బు ఇచ్చి, కొనగలిగింది కొనాలి. అలాగని ఆపేశాక "ఎంతయినా ఇస్తాం, మమ్మల్ని తీసుకెళ్లు" అని సరంగును ఒత్తిడి చేయకూడదు. ఇంట్లో పొయ్యి వెలగాల్సిన మనిషికి ఆ మాట కాదనడం కష్టం. ఆ కష్టంలోకి అతణ్ణి నెట్టే హక్కు మనకు లేదు.

వానాకాలంలో మూతపడేది నది ఒక్కటే కాదు. నల్లమలలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది. అక్కడ జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు ఆపేస్తారు. జంతువులు జతకట్టే కాలం, అడవి దారులు బురదయ్యే కాలం. అడవికీ ఆ మూడు నెలలు విశ్రాంతి కావాలి.

నది మూతపడ్డప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. బోట్లు ఆగిపోయాయనగానే ఎవరో ఒకరు, "అయితే మారేడుమిల్లి పోదాం, జలపాతాలు చూద్దాం" అంటారు. మారేడుమిల్లి అడవి వానాకాలంలో చాలా అందంగా ఉంటుంది. కాదనలేం. కానీ కొండవాగులకూ అదే సూత్రం. మీరు నిలబడ్డ చోట చినుకు లేకపోవచ్చు. పై కొండ మీద కుండపోత కురిస్తే నిమిషాల్లో నీళ్లు మీద పడతాయి. గోదావరి వరదకు కనీసం ఒకటి రెండు రోజుల ముందస్తు కబురు ఉంటుంది. కొండవాగుకు అదీ ఉండదు.

2024 సెప్టెంబరులో ఏలూరులో చదువుకుంటున్న వైద్య విద్యార్థులు సరదాగా మారేడుమిల్లి వెళ్లారు. జలతరంగిణి జలపాతం దగ్గర ఉండగా ఒక్కసారిగా వాన వచ్చి, వాగు పొంగింది. అయిదుగురు కొట్టుకుపోయారు. ముగ్గురు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లు డాక్టర్లు కావలసినవాళ్లు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు. స్నేహితులతో ఒక రోజు గడుపుదామనుకున్నారు, అంతే. వానాకాలంలో వాగు లోపలికి దిగకూడదని గట్టిగా చెప్పేవాళ్లు పక్కన ఉండాలి. ఆ మాట ఇప్పుడు మన ఇళ్లలో, మన పిల్లలకు మనమే చెప్పాలి.

మరి కలవాలనుకున్న స్నేహితులు ఏం చేయాలి? బోట్లు ఆగిపోయినంత మాత్రాన ఆ రోజు పోగొట్టుకోనక్కర్లేదు. ధవళేశ్వరం వెళ్లొచ్చు. 1847లో మొదలుపెట్టి అయిదేళ్లలో ఆనకట్ట కట్టించిన కాటన్ దొర మ్యూజియం అక్కడ ఉంది. గోదావరిని ఎలా మళ్లించారో, ఈ డెల్టా ఎలా పచ్చబడిందో అక్కడ కళ్లారా చూడొచ్చు. రాజమహేంద్రవరంలోనే దామెర్ల రామారావు చిత్రకళా మందిరం ఉంది. ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే, 1925లో కన్నుమూసిన ఆ చిత్రకారుడు గీసిన బొమ్మల ముందు ఒక గంట నిలబడినా ఆ రోజు దండగ కాదు. ఊళ్లో ఏ హోటల్లోనో భోంచేసి, సాయంత్రం గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పుకోవచ్చు. రేవు మెట్లు దిగకుండా, గట్టు మీది నుంచే వరదను చూడొచ్చు. వరద గోదావరిని చూడడం కూడా చిన్న విషయమేమీ కాదు.

ఇంతవరకూ చెప్పుకున్నది ఒకసారి నెమరువేసుకుందాం. వినేవాళ్లలో ఎవరైనా ఈ వారమే బయలుదేరుతుంటే వాళ్లకు పనికొస్తుంది.

మొదటిది. వెళ్లాలనుకుంటే ఎర్రనీరు రాకముందే వెళ్లండి. మే నెలలోనో, జూన్ మొదట్లోనో. బయలుదేరే ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి రేవుకు ఫోన్ చేసి కనుక్కోండి. రేడియోలో భద్రాచలం నీటిమట్టం వినండి.

రెండోది. అనుమతి ఉన్న పడవే ఎక్కండి. పేరు రాయించుకోని పడవ ఎంత చవకైనా ఎక్కకండి. జాకెట్ పట్టీలన్నీ పెట్టుకోండి. పక్కవాళ్లవి కూడా చూడండి. అందరూ ఒకే పక్కకు చేరి ఫొటోలు దిగకండి. లాంచీ మీద మందు ముట్టకండి. సరంగు కూర్చోమంటే కూర్చోండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది. ఆపేశామని రేవులో చెబితే వెనక్కి రండి. ముందే కట్టిన డబ్బు గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. దూరం నుంచి వచ్చామనో, మళ్లీ సెలవు దొరకదనో ఒత్తిడి చేయకండి. మీ బృందంలో ఒకరు పట్టుబడితే, తక్కినవాళ్లు వాళ్లకు నచ్చజెప్పండి.

శ్రోతలారా, ఈ ఏడాది రోహిణి కార్తె ఇంకా దాటలేదు. మృగశిర వచ్చేలోపు కొన్ని రోజులు మిగిలి ఉన్నాయి. చాలాకాలంగా కలవని స్నేహితులుంటే ఈ రాత్రే ఫోన్ చేయండి. నది అనుమతిస్తే పాపికొండలు చూసి రండి. పేరంటపల్లిలో ఒక వెదురు పువ్వు కొనండి. కుదరకపోతే కార్తికంలో వెళ్దామని ఇప్పుడే మాట అనుకోండి. ఒక్క విషయం మాత్రం మీ పిల్లలకు, మీ స్నేహితులకు తప్పకుండా చెప్పండి. బోట్లు ఆపేసిన రోజున గోదావరి మీదికి ఎవరూ వెళ్లకూడదు. అది మీ బాధ్యతగా తీసుకోండి.